ముగ్గుపిండితో గీసిన కట్ట

ఆడ తవ్వద్దంటె తవ్వద్దు. ఇగ దాని మీద మీటింగ్ పెట్టినా, ఓట్లు ఏయించినా నా మాట గిదే.

నిన్న మన అపార్ట్‌మెంటోళ్లంత కిందికి దిగి నిలబడ్డరు. వాన పడితె సెల్లార్ల మోకాటి బంటి నీళ్లు, వాన పోతె ట్యాంకర్ కాడ కొట్లాట. సర్కారోళ్లు ఇంకుడు గుంత తవ్వుకోండ్రన్నరట, పిల్లల ఊయల పక్కన తవ్వుదామని సున్నంతోని గుండ్రంగ గీసిండ్రు. నేను పోయి చెప్పుకాలుతోని ఆ సున్నాన్ని చెరిపేసిన. అందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండ్రు. నువ్వొక్కదానివే, రాజరాజేశ్వరమ్మా, సెక్రటరీవి గాబట్టి మర్యాదగ అడిగినవ్, "ఎందుకు భాగ్యమ్మగారూ, కారణం చెప్పండి" అని. కూసో మరి. చాయ్ తాగుకుంట విను. జర సేపు పడ్తది.

ఈ నల్లగండ్లల గిన్ని బిల్డింగులు లేనప్పటి ముచ్చట. నీ కారు పెట్టుకునే జాగ ఉన్నది చూడు, గాడికెల్లి కింద చెర్వు దిక్కు దాక మా చెల్క. ఎర్ర మన్ను, నడుమ నడుమ గుండ్లు. జొన్న, కంది, ఆముదాలు ఏసెటోళ్లం. రామచంద్రాపురం ఫ్యాక్టరీ కూత ఇనపడితె పనికి దిగేది, మళ్ల కూత ఇనపడితె సద్ది ఇప్పేది. సీతాఫలాలు కొనుక్కుంటరని నాకు పెండ్లయి పిల్లలు పెద్దగయ్యేదాక తెల్వదు. రాళ్ల సందుల పండి రాలేటియి, బుక్కెడు తిని బుక్కెడు పారేసెటోళ్లం. ఎంత మంచి రోజులమ్మా అవి. కష్టం లేదనను. గాని ఆ గాలి, ఆ బయలు మళ్ల రాదు. భూమి బిల్డర్‌కిచ్చి, ఈ మూడో అంతస్తుల కూసొని, ఆ బయలునే యాద్జేసుకుంట.

చెల్క బాగుంటది, గాని వాలు. వాన గట్టిగ కొడితె మన్నంత ఎర్రగ పారి చెర్వుల పడేది. ఎండకాలం చెర్వు ఎండంగనే మా ఇంటాయన మొగిలి బండి కట్టి ఆ మన్నును మళ్ల చెల్కకు తోలేటోడు. "మా తాత దున్నిన మన్నేనే ఇది, ఇంటికి తోల్కొస్తున్న" అనెటోడు. వానలు పడంగనే మళ్ల పొయ్యేది. ఏటేటా ఇదే తంతు. తోలి తోలి ఎడ్లు అలిసిపొయ్యేటియి గాని ఆ మనిషి అలిసిపోలే.

డెబ్బై రెండుల వానలు ఎగ్గొట్టినయి. ఎసుంటి కరువమ్మా అది! బాయిలల్ల నీళ్లు లేవు, పశులకు గడ్డి లేదు. ఆ మర్సటి ఎండకాలం సర్కారోళ్లు కరువు పని పెట్టిండ్రు. చెల్కల్ల మన్ను కొట్టుకపోకుంట కట్టలు పోపిస్తరట. పని మనకే, కట్ట మన భూమికే. గాని ఊర్ల ఎవ్వరు ముందుకు రాలే. సర్కారు గీత గీసిందంటె భూమి గుంజుకుంటదని భయం. మొగిలి ఒక్కడే పోయి ఏలిముద్ర ఏసొచ్చిండు. ఊరంత నవ్వింది. "సర్కారు అల్లుడు" అని పేరు పెట్టిండ్రు. ఆ కట్ట నిలవకపోతె ఊర్ల ఆ మనిషికి తలెత్తే దారి లేకుండె.

పని చూడనీకి వచ్చినాయన కామేశ్వరరావు సారు. మీ దిక్కు మనిషే, గోదావరి అవతలోడు. సన్నగ, నెత్తి మీద టోపీ, సైకిలు. అప్పట్ల ఆంధ్రోళ్లంటె మావోళ్లకు కొంచెం గుర్రు ఉండె గాని, ఈయన ఆడోళ్లను గూడ "ఏమండీ, చూడండమ్మా" అని పిలుస్తుంటె మేం చెంగు అడ్డం పెట్టుకొని నవ్వెటోళ్లం. మమ్మల్ని "అండీ" అన్న మొగోడు ఆయనే మొదలు.

మూడు కాళ్ల మీద దుర్బిణి పెట్టి, చెల్క పొడుగున ఒక్క మట్టం మీద గూటాలు కొట్టించి, గూటం నుంచి గూటానికి సున్నం గీత గీయించేటోడు. "పళ్లెం వంచితే పులుసు ఒక పక్కకే పోతుంది కదమ్మా? మీ పొలం వంగిన పళ్లెం. ఈ గీత పొడుగునా మట్టం ఒక్కటే. దీని మీద కట్ట వేస్తే పులుసు ఎక్కడిదక్కడ నిలబడుతుంది" అని చెప్పిండు. గీత మీద కట్ట పొయ్యాలె. కట్టకు మన్ను దాని పై దిక్కు గుంటలు తవ్వి తియ్యాలె. ప్రతి గుంట నడుమ తవ్వకుంట ఒక దిమ్మ వదిలేస్తరు, ఎంత లోతు తవ్విండ్రో కొలిచేటందుకు. కొలతైనంక ఆ దిమ్మను గూడ చెక్కి కట్ట మీద ఏస్తరు. ఈ దిమ్మ మాట మనసుల పెట్టుకో.

ఇగ అసలు సంగతి. నా మొదటి కాన్పు ఆ కరువుకు రెండేండ్ల ముందట. ఆడపిల్ల. పదకొండు దినాలు బతికింది. తొట్టెల కాలే, పేరు పెట్టలే. పన్నెండో దినం పొద్దుగాల లేపితె లేవలే. మా మామ, మా ఇంటాయన ఇద్దరు బిడ్డను తెల్లబట్టల చుట్టుకొని చెల్క దిక్కు పోయిండ్రు. ఏడ పెట్టిండ్రో నాకు చెప్పలే. అప్పట్ల అట్లనే ఉండె. పసిగుడ్డు పోతె కన్నతల్లికి జాగ చెప్పరు. చెప్తె ఆడికే పోయి కూసుంటదని, మళ్ల కడుపు పండదని. రాయి పాతరు, దీపం పెట్టరు. మా మామ కాళ్లు పట్టుకున్నా నోరు తెరవలే, ఏడాది తిరగకముందే ఆయన గూడ పోయిండు. మొగిలినడిగితె లేచి బయటికి పొయ్యేటోడు. ఒక్క చుక్క కంటనీరు పెట్టలే. మనిషి గాదు, ఉత్త రాయి అనుకున్న. ఎన్నిసార్లు తిట్టుకున్ననో లెక్క లేదు.

బాలింతనం తీరి చెల్కకు పోయిన మొదటిదినం, కింది దిక్కు మోదుగ చెట్టు కాడ కొత్తగ పేర్చిన రాళ్లు, మీద తుమ్మకంప కనపడ్డయి. కుక్కలు తవ్వకుంట గట్లనే కప్పుతరు. ఇంకేం కావాలె నాకు? ఎవ్వరికీ చెప్పలే. కలుపుకు పోయినా, కోతకు పోయినా ఒక తంగేడు పువ్వు తెంపి ఆ రాళ్ల మీద పెట్టి వచ్చేదాన్ని. మూడేండ్లు పెట్టిన. దాంతోనే కడుపు చల్లగ అయ్యేది.

కామేశ్వరరావు సారు మా చెల్కల సున్నం గీసిన పొద్దు నా పానం పోయినట్టయ్యింది. గీత మోదుగ చెట్టుకు జర కిందినుంచి పోయింది. అంటె గుంటలు సరిగ్గ చెట్టు కాడనే పడ్తయి. తెల్లారితె నా బిడ్డను పారలతోని తవ్వి గంపలకెత్తుతరు! ఎవలకు చెప్పాలె? మొగిలికి చెప్తె, 'నీకెట్ల తెలుసు' అంటడు. సారుకు చెప్తె, ఊరి ముంగట ఇంటి గుట్టు ఇప్పినట్టయితది. మర్నాడు మొగిలి పొద్దుగాలనే గడ్డపారల మొనలు కొట్టించుకొస్తనని లింగంపల్లి కమ్మరి కాడికి పోయిండు. ఆయన పోవుడు, నేను చీపురు, ముగ్గుపిండి డబ్బా పట్టుకొని చెల్కకు పోవుడు.

సున్నం గీతను నలభై అడుగుల పొడుగు ఊడ్చేసిన. గూటాలు పీకిన. చెట్టుకు పదిహేను అడుగులు పైకి ఎక్కిచ్చి మళ్ల పాతిన. ముగ్గుపిండి బొటనేలు, చూపుడేలు నడుమ పట్టుకొని, ఆ చివర్నుంచి ఈ చివరికి కొత్త గీత గీసి, రెండు దిక్కుల పాత గీతకు కలిపిన. చేతికి అలవాటైన పని. సన్నగ, తీరుగ వచ్చింది. లేచి నిలబడి చూసి, మంచిగ గీసిన అని నన్ను నేనే మెచ్చుకున్న. మట్టం గిట్టం నాకేం ఎరుక? చూసేటందుకు చక్కగుంటె సరిపోతదనుకున్న.

మేస్త్రి సాయిలు, మా పాలోళ్ల పిల్లగాడే, నన్ను వదినా అంటడు. వచ్చి గీత చూసిండు. సారే మార్చిండనుకున్నడు. ముప్పై మంది దిగిండ్రు. మొగోళ్లు తవ్వుడు, ఆడోళ్లం గంపలు మోసుడు. నేనైతె ఆ దినం ఎంత హుషారుగ మోసిన్నో! సాయిలు ఎక్కిరిచ్చిండు, "ఏంది వదినా, సర్కారు బిడ్డ లెక్క ఉరుకుతున్నవ్" అని. నా బిడ్డను బచాయించుకున్న గదా, ఉరకనా మరి? గుంట మోకాళ్ల లోతు దిగింది. గంప ఎత్తుడు, కట్ట మీద కుమ్మరిచ్చుడు. మధ్యల ఒక దిమ్మ వదిలిండ్రు గాని, దాని అంచు గూడ చెక్కుకుంట వస్తున్నరు.

ఫ్యాక్టరీ కూత అయ్యింది. సద్దులిప్పుదామని గంపలు దించుతున్నం. గప్పుడొచ్చిండు మొగిలి, భుజం మీద గడ్డపారలు. ఒడ్డు మీద నిలబడి చూసిండు. గడ్డపారలు జారి రాళ్ల మీద పడ్డయి, ఖణేల్‌మని. మనిషి ఉరికొచ్చి గుంటల దుంకి, దిమ్మకు అడ్డం నిలబడి రెండు చేతులు చాపిండు.

"ఆపుండ్రి! పార కింద పెట్టుండ్రి! ఒక్క పెల్ల తీసిండ్రంటె నరుకుతా!"

అందరు బిత్తరపోయిండ్రు. సాయిలు అన్నడు, "ఏమైందన్నా? గీత గిదే గదా."

"ఎవడు గీసిండు ఈ గీత? నిన్న గీత కిందికుండె. నేను చూసి పోయిన. ఎవడు మార్చిండు?"

గప్పుడే సారు సైకిలు దిగిండు. ఎవ్వరు చెప్పకముందే గీత కాడికి పోయి వంగిండు. పిండి తీసి ఏళ్ల నడుమ నలిపి చూసిండు. "ఇది సున్నం కాదండీ. ముగ్గుపిండి" అన్నడు. మళ్ల గీత పొడుగున చూసి, "మావాళ్లు గీస్తే వంకరటింకరగా, బెత్తెడు వెడల్పున ఉంటుంది. ఇంత చక్కటి గీత మా డిపార్టుమెంటులో ఎవరికీ రాదు" అన్నడు. అంతే, మొగోళ్లంత తిరిగి ఆడోళ్లను చూసిండ్రు. గాచారం చూడు, అంత తీరుగ గీసి దొరికిపోయిన.

"నేనే గీసిన" అన్న. "మీ కట్ట ఆగం గానీ, ఏమన్న గానీ. మోదుగ చెట్టు కాడ నా బిడ్డ ఉన్నది. మూడేండ్లాయె. ఎవ్వరు నాకు చెప్పకపోతె నాకు తెల్వదనుకున్నరా? నా బిడ్డ మీద పార పడనియ్య."

సారు టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. నేను మొగిలి దిక్కు చూసిన, కొడ్తడేమో కొట్టనీ అని. ఆ మనిషి నన్ను చూస్తున్నడు. మొఖంల నెత్తురు లేదు.

"ఆడ కాదే, భాగ్యా" అన్నడు మెల్లగ. "ఈడ."

ఆయన ఎనుక దిమ్మను చూపెట్టిండు.

"ఆడున్నది ఎర్రావు దూడ. ఆ నెలల్నే సచ్చింది గదా, నాయిన పాతిపెట్టి కంప ఏసిండు. బిడ్డను ఈడ పెట్టినం. వాన నీళ్లు నిలవకుంట ఉంటయని పైకి తెచ్చి పెట్టినం."

నాకు ముందుగాల నవ్వొచ్చింది, రాజరాజేశ్వరమ్మా. నమ్ముతవా? మూడేండ్లు దూడకు పూలు పెట్టిన్నా నేను? ఫక్కుమని నవ్విన. ఆ నవ్వులనే గంప యాదికొచ్చింది. పొద్దటికెల్లి ఎన్ని గంపలెత్తిన ఆ గుంటలకెల్లి? నా చేతులతోనే గదా! గప్పుడు కూలబడి ఏడ్సిన. మూడేండ్ల ఏడుపు ఒక్క తీరుగొచ్చింది. ఆడోళ్లంత నా చుట్టు చేరిండ్రు. మొగిలి మాత్రం దిమ్మను ఇడిసి కదలలే.

సారు గుంటల దిగిండు. మోకాలు మీద కూసొని దిమ్మ చుట్టు చూసి, మొగిలినడిగిండు, "ఎంత లోతులో ఉంచారండీ?"

"నడుము లోతు సారూ. నాయిన బాగ లోతు తీసిండు."

"మరి ఇక్కడ మోకాలి లోతే తవ్వారు. పైగా దిమ్మ పక్కన. ఏమీ కాలేదమ్మా" అని నా దిక్కు తిరిగి చెప్పిండు. "మీ పాపని ఎవరూ కదపలేదు. భయపడకండి."

ఆ మాటతోని నాకు ఊపిరొచ్చింది. నన్ను ఒక్క మాట గూడ అనలే ఆయన. కట్ట మళ్ల పాత గీత మీదికే పోవాలె, లేకపోతె మొదటి వానకే తెగుతదని మొగిలికి చెప్పిండు. మొగిలి తలకాయ ఊపిండు. ముప్పై మంది ఒక పూట చేసిన పని నా వల్ల మన్నుల కలిసింది. ఒక్కలు గూడ పల్లెత్తు మాట అనలే. అసుంటి మనుషులమ్మా వాళ్లు. సాయిలు ఒక్కడే గొణిగిండు, "సారూ, కాగితం ప్రకారమైతె కొలతైనంక దిమ్మ తీసెయ్యాలె గద" అని.

"కొలత ఎప్పుడు పూర్తవుతుందో నేను చెబుతానులే" అన్నడు సారు.

దూడ ఉన్న జాగల గుంట పడ్డది, పాత గీత మీద కట్ట లేచింది. నేను మొగిలితోని నాలుగు దినాలు మాట్లాడలే. గటక గిన్నె ముంగట పెట్టి మొఖం తిప్పుకునేదాన్ని. ఐదో దినం ఉండబట్టలేక అడిగిన, "నేను పూలు పెడ్తుంటె నువ్వు చూడలేదా?"

"చూసిన."

"చూసి?"

"నాయిన నాతోని ఒట్టు పెట్టించుకున్నడు, నీకు చెప్పద్దని" అన్నడు. "మళ్ల నువ్వు ఆడ పువ్వు పెట్టొచ్చిన దినం మంచిగ అన్నం తింటుంటివి. అది గూడ ఎందుకు గుంజుకోవాలె అనుకున్న."

ఏం తిట్టాలె చెప్పు అసుంటి మనిషిని? మూడేండ్లు ఉత్త రాయి అనుకున్న గదా అని నాకు నా మీదనే కోపమొచ్చింది.

ఆ ఏడు వానలు దంచి కొట్టినయి. ఊరోళ్లు గొంగళ్లు కప్పుకొని వచ్చి నిలబడ్డరు, సర్కారు అల్లుడి కట్ట తెగుతదా చూద్దామని. తెగలే. ఎర్ర నీళ్లు వచ్చి కట్టకు ఆనుకొని నిలబడ్డయి, ఎక్కడియి అక్కడనే. వాన ఎలిసినంక చూస్తె గుంటలల్ల మెత్తటి ఒండ్రు. కిందికి పొయ్యే మన్ను మా చెల్కలనే ఆగింది! మొగిలి ఆ ఒండ్రు పిడికిట్ల పట్టుకొని పిల్లగాని లెక్క అందరికీ చూపెట్టిండు. ఇగ ఎడ్లకు ఆ మన్ను తోలుడు తప్పింది. మర్సటేటికి ఊర్ల సగం మంది ఏలిముద్రలేసిండ్రు. మూడు నాలుగు వానకాలాలకు ఆ పై గుంట గూడ పూడి, దిమ్మ చుట్టు మన్ను దిమ్మ ఎత్తుకు పెరిగింది.

ఆ మొదటి వానకాలమే, బతుకమ్మ ముందట, సారు కట్టలు చూడనీకి మళ్లొచ్చిండు. చంకల నక్ష. చెల్క గట్టు మీద పరిచి మొగిలికి చూపెట్టిండు. "ఇది మీ పొలం, ఇది కట్ట, ఇది మోదుగ చెట్టు." పెన్సిల్‌తోని ఒక చిన్న సున్నా చుట్టిండు. ఆ సున్నా ఉన్న జాగనే ఇయ్యాల పిల్లల ఊయల ఉన్నది.

"ఇది దిమ్మ. దీన్ని తీయకూడదని ఇందులో రాసిపెడతాను. రేపు నేను బదిలీ అయిపోయినా కాగితం ఉంటుంది. ఏమని రాయమంటారు?" అని అడిగిండు. "పాపకి పేరేమైనా…"

పేరు పెట్టలేదు సారూ అని చెప్పనీకి నేను నోరు తెరుస్తున్న. మొగిలి నక్ష మీదికెల్లి తలెత్తలే.

"కనకలక్ష్మి" అన్నడు.

మా ఇంట్ల అంత పొడుగు పేరు ఎవ్వరికీ లేదు. "ఎప్పుడు పెట్టినవ్?" అన్న.

"మన్నుల పెట్టేటప్పుడు ఏదన్న ఒకటి పిలవాలె గద" అన్నడు. "ఉత్తగ ఎట్ల పెడ్తం?"

నా బిడ్డకు మూడేండ్లుగ పేరున్నది. అది నాకు తెల్వదు. సారు సున్నా పక్కన ఆ పేరు రాసిండు. నాకు అక్షరం ముక్క రాదు. "ఏది సారూ, ఏడ రాసినవ్" అనడిగితె నా ఏలు పట్టుకోకుండ, పెన్సిల్ మొనతోని ఒక్కొక్కటి చూపెట్టిండు. ఐదు అక్షరాలు. ఒక నకలు మాకిచ్చి పోయిండు. అది ఇప్పటికీ నా పెట్టెల ఉన్నది, నీకు చూపెడ్త.

ఆ పొద్దంత నక్ష ముంగటేసుకొని ఆ ఐదు అక్షరాల మీద ఏలు పెట్టి దిద్దిన. రాసుడు రాదు గాని వంపులు తిప్పుడు నాకెవ్వరు నేర్పాలె? తెల్లారి లేచి వాకిలి ఊడ్చి, సాంపి చల్లి, ముగ్గు ఏసే జాగల ముగ్గు ఏయలే. ముగ్గుపిండితోని ఆ పేరు పెట్టిన. గడప ముంగట, ఈ చివరికెల్లి ఆ చివరిదాక.

మొగిలి ఎడ్లను ఇప్పుకొని బయటికొచ్చిండు. ఆయనకూ చదువు రాదు, గాని నక్షల చూసిన అక్షరాలు మర్సిపొయ్యే మనిషి కాదు. నిలబడ్డడు. భుజం మీద తువ్వాల తీసి కండ్లు తుడ్సుకున్నడు, నేను చూస్తనే ఉన్న. మళ్ల ఎడ్ల ముక్కుతాడు గుంజి, ఒక్క అక్షరం మీద గూడ కాలు పడకుంట, గోడ పొంటి తీస్కపోయిండు.